పెళ్లి బొండానికీ, అడ్డుతెరకీ శాటిన్ రిబ్బన్ పని

రిబ్బన్ గులాబీ చుట్టడం ఎవరికైనా ఒక పూటలో వచ్చేస్తుంది. అందుకే ఎవరైనా పెళ్లికూతురు పట్టుకునే కొబ్బరి బొండాం చేసి చూపిస్తే నేను పువ్వు జోలికి పోను, తిరగేసి దాని కింద దాచిన కొస చూస్తాను. కొసన పోగులు లేచి ఉన్నాయంటే పెళ్లికూతురు మండపంలోకి వచ్చేలోపే నాలుగు పువ్వులు విడిపోతాయి. తెనాలిలో మా ఇంట్లోనే కూర్చుని బొండాలు, అడ్డుతెరలు, తలంబ్రాల పళ్లేలు అలంకరించి ఇస్తుంటాను. నేర్పమని వచ్చే వదినలకీ, పిన్నులకీ నేను చెప్పే వరుస ఇదే: కొనడం, కొయ్యడం, పోగులు లేవకుండా కొస కాల్చి మూయడం, ఆ తర్వాతే చుట్టడం.

ముందు కొనే సంగతి. శాటిన్ నేత పట్టుతోనూ వేస్తారు, పాలిస్టర్‌తోనూ వేస్తారు. మన ఫ్యాన్సీ కొట్లలో దొరికేది దాదాపు పాలిస్టరే, మన పనికి అదే మేలు కూడా. అనుమానం ఉంటే చిన్న ముక్క కాల్చి చూడండి. పాలిస్టర్ ముడుచుకుపోయి గట్టి పూసలా గడ్డకడుతుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పట్టు కరగదు కాబట్టి కొస కాల్చి మూయడం దానితో కుదరదు, మడిచి కుట్టుకోవాల్సిందే.

తర్వాత సింగిల్ ఫేసా, డబుల్ ఫేసా అన్నది తేల్చుకోండి. సింగిల్ ఫేస్‌కి ఒక వైపే మెరుపు, రెండో వైపు మసకగా ఉంటుంది. గులాబీలో ప్రతి మడతకీ రిబ్బన్ వెనక్కి తిరుగుతుంది కనుక పువ్వులకి డబుల్ ఫేస్ కొనండి. అడ్డుతెర అంచుకి వెనక వైపు ఎలాగూ బట్టకి అంటుకునే ఉంటుంది, సింగిల్ ఫేస్ చాలు. విజయవాడ వన్‌టౌన్‌లోనో, హైదరాబాద్ బేగంబజార్‌లోనో హోల్‌సేల్‌లో తీసుకునేటప్పుడు రోల్ మొదటి మూర విప్పి, పక్క అంచుని గోరుతో గీకండి. నేసిన అంచు కదలదు. వెడల్పాటి బట్టని వేడి బ్లేడుతో చీల్చి చేసిన రకమైతే గీకిన చోట పోగు లేస్తుంది. దాన్ని గిఫ్టు పెట్టెకి చుట్టుకోవచ్చు గానీ పువ్వుకి పనికిరాదు. ఎరుపు, మెరూన్ రంగులయితే తడిపిన తెల్లగుడ్డతో కాస్త రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే పక్కన పెట్టేయండి. పెళ్లిలో తడి తగలకుండా ఏ వస్తువూ ఉండదు.

కొయ్యడానికి వేరే కత్తెర పెట్టుకోండి. కాగితాలు కోసిన కత్తెరతో శాటిన్ కోస్తే నమిలినట్టు వస్తుంది. వేళ్లకి గరుకు ఉంగరాలుంటే తీసేయండి. శాటిన్‌లో పోగులు పైన తేలుతూ ఉంటాయి, రాయి అంచు తగిలిందంటే గీత పడిపోతుంది, ఇక అది పోదు.

కాల్చడంలో అందరూ కొవ్వొత్తి మంట కొసన పెడతారు. ఆ పసుపు మంటలోనే మసి ఉంటుంది, క్రీమ్ రంగు రిబ్బన్ నల్లబడిపోతుంది. మంట అడుగున నీలంగా ఉన్న చోటుకి పక్కనుంచి దగ్గరగా తీసుకెళ్లండి, తగలనివ్వకండి. అంచు సన్నగా మెరిసిందనగానే వెనక్కి లాగేయాలి. లేత రంగులకి నేను అగరుబత్తి వాడతాను. నిప్పు ఉంటుంది, మంట ఉండదు. కొస వెంట మెల్లగా గీస్తే చాలు. ఫ్యాన్ ఆపండి, చున్నీ, కొంగు వెనక్కి దోపుకోండి, పక్కనే గిన్నెలో నీళ్లు పెట్టుకోండి. కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటుంది, తుడిస్తే పోదు. పిల్లలకి ఈ ఒక్క పని మాత్రం ఇవ్వకండి.

ఇప్పుడు గులాబీ. అంగుళం వెడల్పు రిబ్బన్ అరమీటరు తీసుకోండి. పది మీటర్ల రోల్‌లో ఇరవై పువ్వులొస్తాయి. రిబ్బన్ అడ్డంగా పట్టుకుని కుడి కొసని కిందికి మడవండి, రెండంగుళాల తోక నిలువుగా వేలాడాలి. మడిచిన చోట ఏటవాలు గీత వస్తుంది. ఆ మూలనుంచి ఎడమ వైపుకి గట్టిగా మూడు నాలుగు చుట్లు చుట్టండి, అదే మొగ్గ. అడుగున సూదితో ఈ వైపునుంచి ఆ వైపుకి రెండు కుట్లు వేసి మొగ్గని బిగించండి. దారం తెంపకండి. మిగతా రిబ్బన్ పై అంచుని మీకు అవతలి వైపుకి ఏటవాలుగా మడవండి. ఆ మడత మీదుగా మొగ్గని దొర్లించుకుంటూ వెళ్లండి. మడత అయిపోయి రిబ్బన్ మళ్లీ నిటారయ్యాక అడుగున ఒక కుట్టు. మళ్లీ అవతలికి మడత, మళ్లీ దొర్లించడం. మొగ్గ దగ్గర బిగువు, బయటికి వచ్చేకొద్దీ వదులు. చుట్లన్నిటికీ ఒకే బిగువు పెడితే అది గులాబీలా కాక బొంగరంలా కనపడుతుంది. పాదం మాత్రం ఎప్పుడూ సమంగా ఉండాలి. చివరి కొసని కిందికి వంచి, పాదంలో కలిపి కుట్టి, కోసి, అగరుబత్తితో మూసేయండి.

గ్లూ గన్ తొందరగా అయిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ సన్నటి శాటిన్ మీద దాని గడ్డ పైకి ఉబ్బి కనపడుతుంది, మే నెల పెళ్లిళ్లలో కారు డిక్కీ వేడికి మెత్తబడుతుంది. ఫెవికాల్ అయితే రిబ్బన్‌లోకి ఇంకి మరక కడుతుంది. సూది, దారం మించినది లేదు.

బొండానికి రండి. ముదురు కాయ తెచ్చి, లేచిన పీచు పీకి, తుడిచి నీడలో ఆరనివ్వండి. కాయకి నేరుగా జిగురు పెట్టి పువ్వులు అతికించడం నాకు నచ్చదు. కొందరిళ్లలో కాయకి పసుపు రాసి బొట్టు పెడతారు, అతికించేశాక చోటుండదు. అందుకని టైలర్లు వాడే బక్రం, అంటే గంజి పెట్టిన గట్టి గుడ్డ తెచ్చి, ఆరంగుళాల గుండ్రటి ముక్క కోయండి. అంచునుంచి మధ్యకి ఒక చీలిక పెట్టి, చీలిక అంచుల్ని ఒకదాని మీదికి ఒకటి జరిపి కుడితే చిన్న టోపీ అవుతుంది. పువ్వులన్నీ ఈ టోపీకే కుట్టండి, బయటి వరసనుంచి మొదలుపెట్టి మధ్యకి. సందుల్లో ఆకుపచ్చ అరంగుళం రిబ్బన్ ఉచ్చులు, మీ ఇష్టాన్నిబట్టి ముత్యాలు. టోపీ అంచునుంచి నాలుగు రిబ్బన్ పట్టీలు కిందికి దింపి, కాయ అడుగున కలిపి ముడేయండి. పెళ్లయ్యాక ముడి విప్పితే కాయ కాయగానే ఉంటుంది. పువ్వుల టోపీని ఇంట్లో షోకేసులో దాచుకుంటారు.

కాయకి కింది సగం ఖాళీగా వదిలేయండి. పెళ్లికూతురు రెండు చేతులతో పట్టుకుని నడవాలి, గోరింటాకు వేళ్ల కింద పూసలు గుచ్చుకుంటే ఫొటోలో మొహంలోనే తెలిసిపోతుంది. కింది పట్టీలకి తెలుపు, క్రీమ్ వద్దు, పసుపు చేతుల మరక పడుతుంది. పసుపు రంగో, ఎరుపో పెట్టండి. మా అత్తయ్యగారు ఈ విషయంలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "పసుపంటేదాన్ని పసుపుగానే కొనొచ్చుగా!"

అడ్డుతెరకి నూలు బట్ట తీసుకుంటే ముందు తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే రిబ్బన్ కుట్టండి. నూలు కుంచించుకుంటుంది, పాలిస్టర్ కుంచించుకోదు. తడపకుండా కుట్టిన తెర మొదటి ఉతుకుకే అంచంతా కుచ్చులు పడుతుంది. మిషన్‌కి 11 నంబరు సన్న సూది వేయండి, పై దారం బిగువు కాస్త తగ్గించండి. గుండుసూదులు రిబ్బన్ మధ్యలో గుచ్చితే చిల్లులు కనపడతాయి, అంచు వారనే గుచ్చాలి. ఒక అంచు పైనుంచి కిందికి కుడితే రెండో అంచు కూడా పైనుంచి కిందికే కుట్టండి, ఎదురు కుట్టారంటే రిబ్బన్ మెలి పడుతుంది. మూలల్లో కోసి అతకడం వద్దు, ఏటవాలుగా మడిచి తిప్పితే చాలు. నలిగితే ఇస్త్రీ పెట్టె వేడి గుర్తు రెండు చుక్కలు దాటకుండా, పైన పల్చటి నూలుగుడ్డ వేసి ఒత్తండి.

లగ్నపత్రికకి, పసుపు కుంకుమ పొట్లాలకి చేసే బో గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రిబ్బన్‌ని రెండు చెవుల్లా మడిచి, మధ్యలో కుట్టి బిగించి, ఆ కుట్టు మీద చిన్న ముక్క చుట్టేయండి. తోకల కొసలు వాలుగా కోయండి.

రిబ్బన్ ఏదైనా సరే, దీపం కుందులకీ హోమగుండానికీ దూరంగా ఉండాలి. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి జడకి పువ్వులు చేసేవాళ్లు కూడా వేలాడే తోకలు పొట్టిగా పెట్టుకోండి.

బొండాన్ని కల్యాణమండపానికి పంపేటప్పుడు అట్టపెట్టెలో అడుగున గుండ్రటి చుట్టకుదురులా పాత గుడ్డ పెట్టి, దానిలో కాయ కదలకుండా కూర్చోబెట్టండి. మూత పువ్వులకి తగలకూడదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "పూలదండలతో కలపొద్దు" అని రాయండి. దండల నీళ్లు కారి అడుగునున్న బక్రం తడిసిందంటే గంజి కరిగి మెత్తబడిపోతుంది, టోపీ ఒక పక్కకి వాలిపోతుంది.