తొలకరికి ముందు తానుగా మొలిచిన వేరుశనగ మొక్కలు పీకేయండి

పోయిన ఖరీఫ్‌లో పాకాల వైపు మా బావమరిది నాలుగెకరాల్లో వేరుశనగ వేశాడు. తెగులును తట్టుకునే రకమని చెప్పి ఇచ్చిన విత్తనం. ఆ మాట మీద ధీమాతో చేను వైపు పెద్దగా చూడలేదు. సెప్టెంబరులో వారం రోజులు ముసురు పట్టింది. ఆ తర్వాత నన్ను పిలిచాడు. చేనులో పది అడుగులు నడిచేసరికి నా పంచె మోకాళ్ల దాకా ఎర్రబడింది, కుంకుమ బరిణె ఒంపుకున్నట్టు. ఆకు తిప్పితే అడుగంతా నారింజ రంగు పొక్కులు. తుప్పు తెగులు. కాయ నిండలేదు, కట్టె పశువుల మేతకూ పనికిరాలేదు.

"విత్తనంలో మోసం జరిగింది బావా" అన్నాడు. నేను చేను చుట్టూ తిరిగాను. తెగులు అంతటా సమానంగా లేదు. మామిడి తోటను ఆనుకున్న వైపు ఆకు పూర్తిగా మాడిపోయింది, అవతలి గట్టు వైపు ఇంకా పచ్చదనం ఉంది. తోటలోకి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. అంతకు ముందు రబీలో లేత మామిడి మొక్కల మధ్య అంతరపంటగా వేరుశనగ వేశాడు. అప్పుడు నేలలో మిగిలిన కాయలు డ్రిప్పు నీళ్లకు పాదుల్లో మొలిచి, వేసవంతా హాయిగా పెరిగాయి. ఒక్కో పాదులో రెండు మూడు మొక్కలు, వాటి ఆకుల నిండా పొక్కులు.

ఈ ఒక్క పొరపాటే నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను. మందు కొట్టకపోవడం కాదు, ఎరువు తక్కువ కావడం కాదు. తానుగా మొలిచిన మొక్కలను వదిలేయడం.

ఎందుకో చెబుతాను. తుప్పు శిలీంధ్రం బతికున్న ఆకు మీద తప్ప బతకదు. మన ఏప్రిల్, మే ఎండల్లో ఎండిన ఆకుల మీద దాని బీజాలు, అంటే ఆ నారింజ పొడి, ఎక్కువ కాలం నిలవవు. గోధుమ కాండపు తుప్పుకు బార్బెర్రీ పొద రెండో ఇల్లు. వేరుశనగ తుప్పుకు అలాంటి రెండో ఇల్లు ఇంతవరకు కనబడలేదు. అంటే వేసవి దానికి గండం. ఆ గండం దాటించేది మనమే. మనం వేసే, గుత్తిగా పెరిగే రకాల గింజకు నిద్రావస్థ దాదాపు ఉండదు, నేలలో మిగిలిన కాయ ఒక్క వేసవి జల్లుకే మొలుస్తుంది. ఆకుతెగుళ్లు తగిలిన చేనులో కాయను మొక్కకు పట్టి ఉంచే ఊడలు బలహీనపడి, పీకేటప్పుడు ఎక్కువ కాయలు నేలలోనే ఉండిపోతాయి. తెగులు తన తర్వాతి విడిదిని తానే విత్తుకుంటుందన్నమాట.

గాలిలో పక్క ఊరి నుంచి రాదా అని అడుగుతారు. వస్తుంది. కానీ ఎప్పుడు వస్తుందన్నదే లెక్క. బీజం పడ్డ రెండు వారాల్లోపే కొత్త పొక్కు పగిలి బీజాలు చల్లుతుంది. డెబ్బయ్యో రోజున వచ్చిన తెగులుకు మీ చేనులో రెండు మూడు తరాలకే సమయం. మీ గట్టు మీద నుంచే ముప్పయ్యో రోజున దిగితే అయిదారు తరాలు.

ఇక 'తట్టుకునే రకం' సంగతి. 1940ల్లో అమెరికాలో హెరాల్డ్ ఫ్లోర్ అనే శాస్త్రవేత్త అవిసె పంట మీద, దాని తుప్పు మీద పని చేసి ఒక విషయం తేల్చాడు. మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు జోడీగా శిలీంధ్రంలో ఒక జన్యువు ఉంటుంది. మొక్క దాన్ని గుర్తుపట్టినంతవరకే రక్షణ. శిలీంధ్రంలో ఆ జన్యువు మారిందా, మొక్కకు ఆనవాలు దొరకదు. గోధుమలో ఎస్‌ఆర్‌31 అనే జన్యువును ఏళ్ల తరబడి నమ్ముకుంటే, 1998లో ఉగాండాలో బయటపడిన కొత్త తుప్పు తెగ దాన్ని దాటేసింది.

వేరుశనగలో తుప్పును తట్టుకునే గుణం చాలావరకు అరాకిస్ కార్డెనాసీ అనే అడవి జాతి నుంచి వచ్చింది. ధార్వాడలో తయారైన జీపీబీడీ-4 రకంలో ఉన్నది అదే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు జన్యు గుర్తుల సాయంతో జేఎల్-24 వంటి రకాల్లోకి దింపింది కూడా అదే. దాని బలంలో పెద్ద వాటా ఒకే క్రోమోజోము ముక్కది. ఆ నిరోధం కూడా గోడలాంటిది కాదు. పొక్కులు ఆలస్యంగా, చిన్నవిగా, తక్కువగా వస్తాయి, అంతే. ఇక మన పాదుల్లోని మొక్క సంగతి చూడండి. ఏడాది పొడవునా అక్కడ శిలీంధ్రం కోట్ల బీజాలు కంటుంది. ప్రతి బీజం మార్పుకు ఒక అవకాశం. విడవకుండా మేత పెడుతూ దానికి తాళం తీయడం నేర్పుతున్నాం.

కాబట్టి తానుగా మొలిచిన మొక్కలు పీకండి. విత్తడానికి కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి, వాన పడ్డాక మళ్లీ ఒకసారి తిరగండి. వెతకాల్సిన చోట్లు: మామిడి పాదులు, బోరు దగ్గర తడి, కాలువ గట్లు, కాయలు విడగొట్టిన కళ్లం, పేడదిబ్బ అంచు. పీకినవి గట్టు మీద పడేయకండి, పూడ్చండి.

మందు గురించి ఒక్క మాట. కార్బెండజిమ్ ఆకుమచ్చకు పనిచేస్తుంది, తుప్పు మీద పనిచేయదు. అయినా ఏ ఆకుతెగులుకైనా అదే చేతిలో పెడతారు. ముందు ఆకు తిప్పి చూడండి. నల్లని గుండ్రటి మచ్చలుండి ఆకు రాలిపోతుంటే ఆకుమచ్చ, దాన్నే తిక్క మచ్చ అంటారు. చేతికి నారింజ పొడి అంటి, ఆకు ఎండినా కొమ్మకే వేలాడుతుంటే తుప్పు. తుప్పు తొలి పొక్కులు కనబడగానే లీటరు నీటికి క్లోరోథలోనిల్ 2 గ్రాములు లేదా హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు. రెండు వారాలకు మళ్లీ కొట్టాలి, అప్పుడు మందు మార్చాలి.

మిగతావి వరుసగా చెప్పేస్తాను.

స్ప్రింక్లర్లు సాయంత్రం పెట్టకండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే బీజం మొలకెత్తి లోపలికి దూరుతుంది.

తెగులు ఉన్న చేనులో నడిచి అదే బట్టలతో మంచి చేనులోకి వెళ్లకండి.

విత్తనశుద్ధి మానకండి, కానీ అది మొదలుకుళ్లు కోసం. నలభై రోజుల పైరును తుప్పు నుంచి కాపాడదు.

ఊరంతా ఒకే రకం వేయకండి.

ముప్పయ్యో రోజు నుంచి వారానికొకసారి కింది ఆకులు తిప్పి చూడండి. గట్టు మీద నిలబడి చూస్తే లెక్కలోకి రాదు.

కౌలు పొలమైతే పక్క తోట యజమానిని అడిగి మరీ పీకండి. సిగ్గుపడకండి.

పశువులు మేస్తాయిలే అని వదలకండి. మేసినా మొదలు మళ్లీ చిగురిస్తుంది.

నాలుగే మొక్కలు కదా అనకండి. మా బావమరిది కూడా అదే అన్నాడు. ఈసారి మే మొదటి వారంలో వెళ్లి ఇద్దరం కలిసి పాదులన్నీ పీకాం. సాయంత్రం చేతులు కడుక్కోవడానికి మోటారు గది వెనక్కి వెళితే, పైపు కారే చోట ఇంకో ఏడు మొక్కలు కనబడ్డాయి. అన్నిటి మీదా పొక్కులే.