నదిలో కోహో సాల్మన్‌కి ఫ్లై ఫిషింగ్ – 4వ పాఠం: లైను లాగే చెయ్యి

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు: కోహో పసిఫిక్ సముద్రపు సాల్మన్ చేప, ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు హుక్కుకి కట్టి చేసిన నకిలీ ఎర, దాన్ని బరువైన లైను ఊపుతో ముందుకీ వెనక్కీ విసురుతాం. పోయిన పాఠం చదివి సాధన మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకేచోట ఆగిపోయారు. లైను వెనక్కి బాగానే వెళ్తోంది, ముందుకొచ్చేసరికి కాళ్ల దగ్గర కుప్పగా పడుతోంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్, మారతహళ్లి నుంచి మీరు పంపిన వీడియోలు చూశాను. వెనక్కి వేసిన లైను పూర్తిగా చాచుకోకముందే మీ రాడ్ ముందుకొచ్చేస్తోంది. మెడ తిప్పి వెనక్కి చూడండి. లైను తిన్నగా సాగిందని కంటికి కనిపించాకే ముందుకు వేయండి. ఎన్నో ఏళ్లుగా వేస్తున్నవాళ్లు కూడా అలా చూస్తారు. ఇంకో మాట, పార్కింగ్‌లో సిమెంటు నేల మీద సాధన చేయకండి. లైను మీది పూత గీసుకుపోతే తర్వాత అది సరిగ్గా తేలదు, రాడ్ రింగుల్లోంచి సాఫీగా జారదు. పచ్చిక మీదే వేయండి.

ఇది వారం రోజుల్లో సర్దుకునే లోపం. నాకు బెంగ పుట్టించిన సంగతి వేరే ఉంది. ఈ పాఠాలు చదువుతున్న తమ్ముడొకరు ఆఫీసు పని మీద అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ వెళ్లి, అక్టోబరులో స్నోహోమిష్ నది ఒడ్డున నిలబడ్డాడు. ఎదురుగా నీళ్లలో చేపలు దొర్లుతున్నాయి. అక్కడినుంచే ఫోన్ చేశాడు. "అన్నా, టక్ టక్‌మని తగులుతోంది. రాడ్ ఎత్తేసరికి ఏమీ ఉండట్లేదు. పొద్దుట్నుంచీ ఇదే వరస."

"రాడ్ ఎందుకు ఎత్తుతున్నావు?" అని అడిగాను.

"చేప తగిలితే ఎత్తాలి కదన్నా?"

ఎత్తకూడదు. ఈ పాఠమంతా దాని గురించే.

పులస ఎర్రనీటికి గోదావరిలోకి ఎదురెక్కినట్టు, కోహో ఆకురాలే కాలపు వానలకి సముద్రం నుంచి నదిలోకి ఎక్కుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దాని రాక. చాలా కోహోలు సుమారు ఏడాదిన్నర మంచినీటిలో, ఏడాదిన్నర సముద్రంలో గడిపి, గుడ్లు పెట్టి చనిపోవడానికి పుట్టిన ఏటికి వస్తాయి. నదిలోకొచ్చాక మేత మానేస్తాయి. అయినా ముందునుంచి ఏదైనా బెదురుతూ పోతున్నట్టు కనిపిస్తే, నోటితో అందుకునే గుణం మిగిలే ఉంటుంది. మనం దాన్ని రెచ్చగొట్టాలి.

అది ఎక్కడ నిలుస్తుందో 3వ పాఠంలో చెప్పాను కాబట్టి వివరంగా మళ్లీ చెప్పను. మనిషి నడక కంటే నెమ్మదైన నీరు, పక్క పాయలు, మునిగిన దుంగల పక్కన ఉన్న మడుగులు, అంతే. ఈ నెమ్మది వల్లే మన పని మారుతుంది. స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే ట్రౌట్ చేప) కోసం వేసేటప్పుడు ప్రవాహమే ఫ్లైని నదికి అడ్డంగా ఈడ్చుకెళ్తుంది, మనం పట్టుకుని నిలబడితే చాలు. కోహో ఉన్న మడుగులో ప్రవాహం సాయం దాదాపు ఉండదు. మీరు లాగితే ఫ్లై కదులుతుంది, ఆపితే మునుగుతుంది. దాని ప్రాణమంతా లైను లాగే చేతిలో ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు అది ఎడమ చెయ్యి.

పట్టు ఇలా ఉండాలి. ఫ్లై నీళ్లలో పడగానే లైనును రాడ్ పట్టుకున్న చేతి చూపుడువేలి కింద పెట్టి హ్యాండిల్‌కి ఆనించండి. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఆ వేలికి వెనకనుంచే లాగాలి. వేలిని దాటి ముందుకు చెయ్యి చాచి లైను పట్టుకోవడం చాలా వీడియోల్లో కనిపించింది. అలా చేస్తే ప్రతి లాగుకీ మధ్య లైను ఒక క్షణం ఎవరి పట్టులోనూ ఉండదు. చేప సరిగ్గా ఆ క్షణంలోనే అందుకుంటుంది. లాగేటప్పుడు వేలు కొద్దిగా వదలాలి, ఆపినప్పుడు బిగించాలి.

రాడ్ కొస నీటిని తాకుతూ, తిన్నగా ఫ్లై వైపే చూస్తూ ఉండాలి. కొస అడుగున్నర పైకి ఉంటే అక్కడినుంచి నీటిదాకా లైను వేలాడుతుంది. మీరు నాలుగంగుళాలు లాగితే ముందు ఆ వేలాడే లైను బిగుస్తుంది, ఫ్లై ఉన్నచోటే ఉంటుంది. చాలా కష్టపడుతున్నామని మీకు అనిపిస్తుంది, చేపకు మాత్రం ఏమీ కదిలినట్టు కనిపించదు.

ఇక అసలు ఉచ్చు. చేప తగలగానే రాడ్ ఎత్తడం చిన్నప్పుడు కాలువల్లో గాలం వేసినవాళ్లందరికీ చేతిలో ఉండిపోయిన అలవాటు. వెదురు కర్రకి, పిల్ల చేపలకి అది సరిపోయింది. ఇక్కడ మీ చేతిలో ఉన్నది తొమ్మిదడుగుల రాడ్, దాని కొస మెత్తన. ఎత్తగానే కొస వంగి, మీ బలాన్నంతా తనలోనే దాచుకుంటుంది. హుక్కు దాకా చేరేది కొంచెమే. నదికెక్కిన కోహో, ముఖ్యంగా ముక్కు వంకర తిరిగిన మగ చేప, దవడ గట్టిది. ఆ కొంచెం బలంతో హుక్కు దిగదు.

రెండో నష్టం ఇంకా పెద్దది. కోహో చాలాసార్లు వెంటాడుతూ వచ్చి మొదట ఫ్లై తోకను మాత్రమే తాకుతుంది. మీకు తెలిసే టక్‌మనే దెబ్బ అదే. అప్పుడు రాడ్ ఎత్తితే ఫ్లై దాని కళ్లముందునుంచి మాయమై గాల్లోకి ఎగురుతుంది. రాడ్ ఎత్తకుండా, లైనును చేత్తో ఒక అడుగు లాగి ఉంటే, ఫ్లై అడుగు దూరంలోనే ఉండేది. చేపకు అది తప్పించుకుపోతున్నట్టు కనిపించేది, ఈసారి నోరంతా తెరిచి పట్టేది. ఒక్క చేప మూడుసార్లు తాకి నాలుగోసారి గట్టిగా అందుకోవడం మామూలే. రాడ్ ఎత్తేవాళ్లకి ఆ నాలుగోసారి రాదు.

మూడోది నాకు కోపం తెప్పించేది. చేపలు గుంపుగా ఉన్న మడుగులో లైను వాటి ఒంటికి రాసుకుంటుంది. అది కూడా తగిలినట్టే ఉంటుంది. ఆ ప్రతి రాపిడికీ రాడ్ విసురుగా ఎత్తితే హుక్కు వీపులోనో తోకలోనో దిగుతుంది. వాషింగ్టన్‌లో నోటి లోపల కాకుండా వేరేచోట హుక్కు దిగిన సాల్మన్‌ను తప్పనిసరిగా వదిలేయాలి. చట్టం సంగతి అటుంచండి, గుడ్లు పెట్టడానికి అంతదూరం ఈదివచ్చిన చేపను పక్కటెముకల్లో గుచ్చి ఈడ్చడం వేట కాదు. రాపిడికి, కాటుకి తేడా నేర్చుకోండి. రాపిడి మెత్తగా జారినట్టు వచ్చి పోతుంది. కాటు టక్‌మని పదునుగా తగులుతుంది, లేదా మళ్లీ లాగేసరికి బరువు తెలుస్తుంది.

మరి ఏం చేయాలి? ఏదైనా తగిలితే, రాడ్ కొస నీటిలోనే ఉంచి, ఎడమ చేతిని తుంటి దాటి వెనక్కి ఒకే పొడవాటి లాగు లాగండి. దీన్ని స్ట్రిప్ సెట్ అంటారు. బరువు నిలబడిందని, అది అటూ ఇటూ కొట్టుకుంటోందని తెలిశాకే రాడ్‌కి పని. అప్పుడు కూడా నిటారుగా కాకుండా పక్కకు వంచండి.

ఎలా లాగాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. నేను రెండు పొట్టి లాగులు, ఒక పొడవుది, తర్వాత ఒక క్షణం విరామం ఇస్తాను. పొట్టిది నాలుగైదు అంగుళాలు, పొడవుది అడుగు. విరామంలో, తల దగ్గర లోహపు పూసకళ్లు కట్టిన క్లౌజర్ మిన్నో అనే ఫ్లై ఆ బరువుకి తల కిందికి వాలి దిగుతుంది. మారబూ అనే మెత్తటి ఈకలు కట్టిన ఫ్లై అయితే ఈకలు విచ్చుకుంటాయి. ఎక్కువ కాట్లు అప్పుడే. అందుకే విరామం తర్వాత వచ్చే లాగును ఎప్పుడూ చేప ఉందన్నట్టే లాగండి.

రంగు గురించి చాలామంది అడిగారు. మబ్బుగా, తెల్లవారుతూ ఉంటే నాకు ఊదా, నలుపు. నీరు కాస్త మురికిగా ఉంటే నిమ్మపచ్చ లేదా గులాబీ. ఒకే గుంపు మీద అదే ఫ్లై పదేపదే వేస్తే అవి పట్టించుకోవడం మానేస్తాయి, మార్చండి. హుక్కు మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు నొక్కేసి ఉండాలి. 7, 8 నంబరు రాడ్‌లలో (నంబరు పెరిగేకొద్దీ రాడ్ బలమైనది) నా ఓటు 8కే. మునిగే కొస ఉన్న లైనుకి లీడర్ (లైను చివర ఫ్లైకి కట్టే సన్నని దారం) అయిదడుగులు చాలు, పొడవైతే ఫ్లై పైకి తేలిపోతుంది. ముడుల గురించి చెప్పను, మీకు వచ్చు.

చివరి పది అడుగులు చాలామంది వదిలేస్తారు. వదలకండి. కోహో ఒడ్డుదాకా వెంట వచ్చి, మీ కాళ్ల ముందు తిరిగిపోయే చేప. దాని నీడ కనిపించగానే చెయ్యి ఆగిపోవడం సహజం. ఆగితే అది వెళ్లిపోతుంది. ఆపకుండా వేగం పెంచండి.

సాధన

బెంగళూరులో ఈ పాఠానికి అన్నిటికంటే మంచి చోటు మీ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్. నీరు నిలకడగా ఉంటుంది, ఫ్లై ఏం చేస్తోందో అడుగుదాకా కనిపిస్తుంది. అసోసియేషన్‌ను అడిగి, తెల్లవారుజామున ఎవరూ దిగకముందు వెళ్లండి. హుక్కును వంపు దగ్గర కట్టింగ్ ప్లయర్‌తో కత్తిరించండి. చెరువుల దగ్గరకు వెళ్లవద్దు, కొంగలకి, నీటికాకులకి లైను చుట్టుకుంటుంది. పూల్ గట్టు గరుకుగా ఉంటే లైను కింద తడి తువ్వాలు పరవండి. మీరు ఒక లాగు ఆపగానే ఫ్లై కూడా ఆగి తల వాలుస్తోందా అని చూడండి. వాల్చకపోతే రాడ్ కొస పైకి లేచి ఉన్నట్టే.

తర్వాత పచ్చిక మీద, ఇంట్లోవాళ్లెవరినైనా లైను కొస పట్టుకుని నలభై అడుగుల దూరంలో నిలబడమనండి. మీరు కళ్లు మూసుకుని లాగుతూ ఉండాలి. వాళ్లకు తోచినప్పుడు చిన్న కుదుపు ఇవ్వాలి. కుదుపు రాగానే ఎడమ చేత్తో పొడవాటి లాగు. రాడ్ కొస నేల మీదినుంచి లేచిందో లేదో వాళ్లే చెప్పాలి. వరసగా 50 కుదుపులు. ఒక్కసారి కొస లేచినా మళ్లీ ఒకటి నుంచి లెక్క. విసుగ్గా ఉంటుందని తెలుసు. 50 నిలబడేదాకా 5వ పాఠం తెరవకండి. అందులో తగిలిన చేపను ఒడ్డుకు తేవడం, కోహో దొర్లి లీడర్‌ను ఒంటికి చుట్టుకున్నప్పుడు ఏం చేయాలి, వీపు మీద తోక దగ్గరుండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించిన హేచరీ (పెంపక కేంద్రం) చేపను ఎలా పోల్చుకోవాలి అన్నవి ఉంటాయి. పూల్‌లో వాడిన లైనును ఆ రోజే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, క్లోరిన్ ఉండిపోకూడదు.