క్వార్టర్ ముగియకముందే బెంచ్‌కి పిలవండి

స్కూల్‌కో కాలేజీకో బాస్కెట్‌బాల్ కోచింగ్ ఇస్తున్నవాళ్లకు ఒక చిట్కా. మీ బెస్ట్ ప్లేయర్ బాగా అలసిపోయేదాకా ఆగకండి. మొదటి క్వార్టర్ ఇంకో రెండు నిమిషాలు ఉందనగా బయటికి పిలిచి, రెండో క్వార్టర్ మొదటి రెండు నిమిషాలూ కూర్చోబెట్టండి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో ఆ రెండు క్వార్టర్ల మధ్య 2 నిమిషాల విరామం ఎలాగూ ఉంటుంది. ఆటలో మీరు వదులుకునేది 4 నిమిషాలే, ఆ మనిషికి దొరికే విశ్రాంతి 6 నిమిషాల పైమాటే. మూడు, నాలుగు క్వార్టర్ల మధ్య కూడా ఇలాగే చేయొచ్చు.

గడియారం ఆగినప్పుడే మార్పు కుదురుతుంది కాబట్టి, కోర్టులోకి దిగాల్సినవాణ్ణి ముందే స్కోరర్ టేబుల్ దగ్గరికి పంపండి.

ఐదుగురినీ ఒకేసారి మార్చడం మాత్రం వద్దు. ఒత్తిడిలోనూ బంతిని పోగొట్టుకోని ఒకరు, రీబౌండ్ (బుట్టలో పడక వెనక్కొచ్చిన బంతి) పట్టే ఒకరు ఎప్పుడూ కోర్టులో ఉండాలి. పెద్ద టీముల్లో ఆరో ఆటగాడికి, అంటే బెంచ్ నుంచి మొదట దిగేవాడికి, అంత విలువ అందుకే. అమెరికా ఎన్‌బీఏ లీగ్ టీము శాన్ ఆంటోనియో స్పర్స్‌లో జినోబిలి స్థాయి ఆటగాడు ఏళ్లతరబడి బెంచ్ మీదనుంచే వచ్చాడు. 2013-14 రెగ్యులర్ సీజన్‌లో ఆ టీములో ఒక్కరి సగటు కూడా మ్యాచ్‌కి 30 నిమిషాలు దాటలేదు, ఆ ఏడు టైటిల్ వాళ్లదే. అప్పటి కోచ్ పోపోవిచ్ లెక్క నాకెంతో ఇష్టం.

ఇంకొకటి: బెంచ్ పిల్లలకు ఎప్పుడు దిగుతారో, ఎవరిని కాయాలో మ్యాచ్‌కి ముందే చెప్పండి. దిగగానే మొదటి తప్పుకే వెనక్కి లాగేయకండి, కనీసం మూడు నిమిషాలు ఆడనివ్వండి.