బయటి గోడల రంగు పెచ్చులు లేవకుండా ఉండాలంటే

గోడ మీద రంగు ఊడితే మొదట పెయింట్ కంపెనీనో, పెయింటర్‌నో అంటాం. చాలాసార్లు అసలు కారణం గోడలో ఉన్న నీరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండకు గోడ వేడెక్కగానే లోపలి తేమ ఆవిరై బయటికి రావాలని చూస్తుంది. దారి దొరకకపోతే రంగు పొరను ఉబ్బిస్తుంది, ఆ బుడగ పగిలి పెచ్చవుతుంది. అలాంటి గోడకు ఎంత ఖరీదైన రంగు వేయించినా మళ్లీ ఊడుతుంది. అందుకే డబ్బా కొనకముందు రంగు ఎక్కడ ఊడిందో, ఎట్లా ఊడిందో చూడాలి.

పిట్టగోడ కింద చారలుగా ఊడితే నీరు పైనుంచి దిగుతోంది. కిటికీ మూలల్లో ఊడితే ఫ్రేముకూ గోడకూ మధ్య సందు ఉంది. బాత్రూం వెనక గోడకే పరిమితమైతే పైపు కారుతోంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఊడితే నేల చెమ్మ. ఎండినచోట కూడా పలచటి పొరలుగా లేస్తుంటే ఒక పెచ్చు తీసి వెనక్కి తిప్పండి. తెల్లటి పొడి అంటుకుని వస్తే అడుగున పాత సున్నమో, పొడిబారిన సిమెంట్ పెయింటో ఉంది. ఇసుకతో సహా వస్తే ప్లాస్టరే బలహీనంగా ఉందన్నమాట.

వీటన్నిటిలో మొండిది గోడ అడుగుభాగం. మన దగ్గర చాలా బోర్ల నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లతోనే సిమెంట్ కలుపుతాం, వాటితోనే తడిపి క్యూరింగ్ చేస్తాం. నీరు ఆరిపోతుంది, ఉప్పు గోడలో ఉండిపోతుంది. నేల చెమ్మ పైకెక్కినప్పుడల్లా ఆ ఉప్పు కరిగి గోడ పైపొరకు వచ్చి, అక్కడ మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు లప్పాన్నీ రంగునూ బయటికి నెట్టేస్తుంది. పాత రాతి పునాది ఇళ్లలో చెమ్మను అడ్డుకునే డీపీసీ పొర లేకపోతే, అందులోనూ నేల నల్లరేగడి అయితే, వానలు ఆగాక కూడా గోడ చాలాకాలం తడిగానే ఉంటుంది.

కాబట్టి పని నేల నుంచే మొదలుపెట్టాలి. గోడకు ఆనించి పోసిన మట్టిని తీసేయండి. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున గచ్చు వేయించి, బయటి అంచు గోడ దగ్గరి కంటే కనీసం ఒక అంగుళం దిగువన ఉండేలా వాలు పెట్టించండి. నల్లా దగ్గరి నీళ్లు, బోళ్లు తోమిన నీళ్లు గోడ పక్కన నిలవకుండా కాలువలోకి పోవాలి. తర్వాత ఉప్పు పట్టిన ప్లాస్టర్‌ను తడి కనిపించిన గీత కంటే ఒక అడుగు పైదాకా ఇటుక కనిపించేలా చెక్కించి, ఇటుకల సందులను అర అంగుళం లోతు గీకించాలి. తెల్లటి ఉప్పును పొడిగా వైర్ బ్రష్‌తోనే రుద్ది, ఊడ్చి ఎత్తేయాలి. నీళ్లు కొట్టి కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఇటుక బాగా ఆరాక ఒక వంతు సిమెంట్‌కు నాలుగు వంతుల ఇసుకతో, బస్తాకు సాధారణంగా 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగ్ ద్రావణం కలిపి ప్లాస్టర్ చేయించండి. కలపడానికీ, ఏడు రోజుల క్యూరింగ్‌కూ ఉప్పులేని నీళ్లే వాడండి. ఈ కొద్ది పనికి ట్యాంకర్ తెప్పించుకున్నా నష్టం లేదు.

అడుగు పట్టీకి మరకలు కనిపించవని ఆయిల్ ఎనామిల్ వేయించేవాళ్లున్నారు. అది వద్దు. ఎనామిల్ పొర ఆవిరిని బయటికి పోనివ్వదు, తడి గోడ మీద అన్నిటికంటే ముందు ఉబ్బేది అదే.

ఇక పైభాగం. పిట్టగోడ తలకట్టు వాలు డాబా వైపుకు ఉండాలి. ట్యాంకు నిండి పొర్లితే నీళ్లు గోడ మీదుగా జారకుండా పైపు పెట్టించండి. సజ్జ అడుగున, అంచుకు దగ్గరగా సన్నటి గాడి ఉంటే వాన నీరు గోడదాకా రాకుండా అక్కడే చుక్కలుగా రాలిపోతుంది. పాత సజ్జకు గాడి లేకపోతే గ్రైండర్‌తో కోయించవచ్చు. 8 మి.మీ. లోతు చాలు, ఇనుము తగలనివ్వొద్దు. 3 మి.మీ. లోపు పగుళ్లకు అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ సరిపోతుంది. అంతకంటే పెద్దవాటిని ఉలితో 'వి' ఆకారంలో తెరిచి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంట్ మాలుతో నింపాలి. పగులు ఏటేటా పెరుగుతుంటే అది పెయింటర్ పని కాదు, ఇంజినీర్‌కు చూపించండి.

గోడ ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. ప్రతి వైపూ ఒకటిన్నర అడుగులుండే పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి 24 గంటలు ఉంచండి. లోపలివైపు నీటి చుక్కలు పడితే ఇంకా ఆగాలి. కొత్త ప్లాస్టర్‌కైతే కనీసం 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంట్‌లోని క్షారం కూడా రంగును పాడుచేస్తుంది.

ఆరిన గోడను స్క్రాపర్‌తో గీకి, కదిలే పొరంతా తీసేయాలి. మిగిలిన రంగు అంచులను ఎమరీ పేపర్‌తో నునుపు చేయకపోతే కొత్త పొర ఆ అంచుల దగ్గరే లేస్తుంది. పాత సున్నం, జాజు పూసిన గోడైతే మొత్తం గీకించాల్సిందే. సున్నాన్ని గోడమీదే వదిలేస్తే దాని మీద వేసే ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే రంగు) కూడా దాంతోపాటే ఊడి వస్తుంది. నల్లటి పాచి ఉన్నచోట లీటరు నీటికి 100 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి పూసి, మర్నాడు రుద్ది కడగాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు మరవద్దు. మళ్లీ ఆరాక అరచేత్తో గోడను రుద్దండి. చేతికి పొడి అంటితే శుభ్రం చేయడం పూర్తికాలేదు.

బయటి గోడకు లప్పం ఎంత తక్కువ వాడితే అంత మేలు. గుంతలున్నచోట మాత్రమే, వైట్ సిమెంట్ పుట్టీతోనే, మొత్తం మందం 1.5 మి.మీ. దాటకుండా పెట్టాలి. లోపలి గోడలకు వాడే అక్రిలిక్ పుట్టీ వానకు మెత్తబడుతుంది. సిద్ధమైన గోడ మీద ఒక కోటు ఎక్స్‌టీరియర్ ప్రైమర్, ఆపైన రెండు కోట్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయించాలి. కోటుకూ కోటుకూ మధ్య 4 నుంచి 6 గంటలు ఆగాలి. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి, అవి కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్లలాంటి మంచినీళ్లే. రంగు ఎక్కువ గోడకు రావాలని పలచన చేస్తే పొరకు బలం ఉండదు. రెండు కోట్లకు లీటరు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది, అంటే వెయ్యి చదరపు అడుగుల గోడకు 20 లీటర్ల బకెట్ ఒకటి. అంతకంటే బాగా తక్కువ ఖర్చయితే ఏదో ఒక కోటు పలచబడినట్టే.

దీపావళి దాటాక, వానలో తడిసిన గోడలు ఆరాక మొదలుపెట్టి, సంక్రాంతి తర్వాత కొన్ని వారాల దాకా ఈ పనికి మంచి కాలం. వేసవి పెళ్లి కోసం ఏప్రిల్, మే నెలల్లో తప్పనిసరైతే నీడ వెంట పని నడపండి, పడమటి గోడ పొద్దున, తూర్పు గోడ మధ్యాహ్నం తర్వాత. కాలే గోడ మీద నీరు ముందే ఎగిరిపోయి రంగు సరిగా అతుక్కోదు. సాయంత్రం మబ్బు పట్టేలా ఉంటే ఆ రోజు కోటు ఆపేయండి.