మడత చాకు మొన విరిగితే ఏం చేయాలి?

కొబ్బరి చిప్పకి పట్టుకుపోయిన ముక్కని చాకు మొనతో లేపబోయాను. టిక్‌మంది. కొబ్బరి కదల్లేదు, మొన మాత్రం లేదు. ముందు ఆ విరిగిన ముక్క కోసం వెతికాను, కొబ్బరిలో ఉండిపోయి పచ్చట్లోకి పోతే ఇంకేమైనా ఉందా? దొరికాక కొలిస్తే 3 మిల్లీమీటర్లు. చాకు బాగుపడింది కానీ, మధ్యలో రెండు మూడు తప్పులు చేశాను. అవీ చెబుతాను.

సమస్య: మొన ఆవగింజంత పోయింది

కారణం: గ్రానైట్ నేల మీద పడటం, డబ్బా మూత లేపడం. 1 మిల్లీమీటరు లోపైతే దీనికంటూ ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. మామూలుగా సాన పట్టుకుంటూ పోతే నాలుగైదు సార్లకి అదే కలిసిపోతుంది.

సమస్య: 2 నుంచి 5 మిల్లీమీటర్లు విరిగింది

కారణం: చాకుని పలుగులా వాడటం. మొన దగ్గర బ్లేడు చాలా పల్చన. కోసేటప్పుడు వచ్చే బలాన్ని తట్టుకుంటుంది కానీ పక్కకి మెలితిప్పితే పుటుక్కుమంటుంది. పదును నిలవాలని ఉక్కుని గట్టిగా చేస్తారు (స్విస్ ఆర్మీ చాకుల బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో సుమారు 56), ఆ గట్టి ఉక్కు అంత పల్చగా ఉన్నచోట ఎక్కువ వంగలేదు.

పరిష్కారం: పదును వైపు ముట్టుకోవద్దు. వెన్ను వైపు నుంచే వంపుగా అరగదీస్తూ కిందికి రండి, పదును అంచు ఎక్కడ ఆగిపోయిందో అక్కడే కొత్త మొన రావాలి. ఎందుకంటే చాకు మడిచినప్పుడు పదును పిడి లోపలికి, వెన్ను బయటికి ఉంటాయి. పదును వైపు అరగదీస్తే మొన వెన్ను వైపుకి జరుగుతుంది, మడిచాక పిడిలోంచి బయటికి పొడుచుకొస్తుంది. జేబులో పెట్టుకునే వస్తువు, తొడకి గుచ్చుకుంటుంది.

మార్కర్‌తో వంపు గీసుకోండి. పదును మీద మందపాటి టేపు రెండు మూడు చుట్లు వేయండి. మామూలు ఆకురాయి కీచుమంటూ జారిపోతే ఉక్కు దానికి లొంగడం లేదని అర్థం, డైమండ్ ఫైల్ గానీ 220 నంబర్ సానరాయి గానీ తీసుకోండి. రాయి తడిపి, వెన్నుని దాని మీద ఆనించి ముందుకీ వెనక్కీ రుద్దడమే. నాకు గంట పట్టింది. గీత దగ్గరికొచ్చాక 400, తర్వాత 1000 నంబర్ వాటర్ పేపర్‌తో గరుకు తీసేయండి.

సమస్య: కొత్త మొన దగ్గర నీలం రంగు వచ్చింది

కారణం: గ్రైండర్ మీద వేడెక్కింది. మొన దగ్గర లోహం తక్కువ కాబట్టి ఒకటి రెండు సెకన్లలోనే కాలిపోతుంది. కార్బన్ ఉక్కులో నీలం సుమారు 300 డిగ్రీల దగ్గర వస్తుంది, స్టెయిన్‌లెస్‌లో ఇంకా ఎక్కువ వేడికి గానీ రాదు. అంత వేడి తగిలిన చోట ఉక్కు మెత్తబడి ఉంటుంది, అక్కడ పదును నిలవదు.

పరిష్కారం: ఆ నీలం భాగం పోయేదాకా చేత్తోనే, నీళ్లతో అరగదీయడం తప్ప దారి లేదు. పైపైన పాలిష్ చేస్తే రంగు పోతుంది, మెత్తదనం పోదు. వీధిలో సైకిల్ చక్రంతో సాన పట్టేవాళ్లకి ఇస్తే పక్కనే మగ్గుతో నీళ్లు పెట్టి, క్షణానికోసారి ముంచమని అడగండి. విసుక్కున్నా సరే.

సమస్య: మొన ఉంది కానీ గుచ్చుకోవడం లేదు

దీని దగ్గర నేను బాగా తికమకపడ్డాను. పాత మొన కంటే కొత్తది వెనక్కి వచ్చింది కదా, అక్కడ బ్లేడు మందంగా ఉంటుంది. ఎంత సాన పట్టినా మొద్దుగానే అనిపిస్తుంది. చివరి సెంటీమీటరు వరకు రెండు పక్కలా రాయి మీద దాదాపు పరిచినట్టు పడుకోబెట్టి కాస్త పల్చన చేయండి, ఆ తర్వాతే పదును పెట్టండి. మరీ సూదిలా చేయకండి, మళ్లీ విరిగేది అదే. పండ్లు, తాళ్లు కోయడానికే వాడేవాళ్లు మొనని మొండిగా వదిలేసినా నష్టం లేదు.

సమస్య: మొన విరగలేదు, వంగింది

గట్టి చెక్క మీద పెట్టి కొంచెం కొంచెంగా నొక్కి సరిచేయండి. సన్నని పగులు కనిపిస్తే ఆగిపోయి, విరిగినట్టే లెక్కేసి పైన చెప్పినట్టు అరగదీయండి.

సమస్య: అంతా అయ్యాక తెరుస్తుంటే కరకరమంటోంది

రాయి పొడీ, ఇనుప రజనూ మడత కీలులోకి పోయాయి. సబ్బు నీళ్లలో పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకట్టి చాకు తెరుచుకోదు.