ఆఫీసు నుంచి పులుల సర్వేకి వెళ్తున్నారా? ఇలా సిద్ధమవ్వండి

కంపెనీ తరఫున పదిమంది కలిసి నల్లమలలో శాస్త్రవేత్తలకు, అటవీ సిబ్బందికి సాయంగా వెళ్దామనుకుంటే ముందు ఒకటి తేల్చుకోండి, ఇది టీమ్ ఔటింగ్ కాదు. పులి కనబడటం చాలా అరుదు. అది తిరిగిన ఆనవాళ్లు వెతికి ఉన్నది ఉన్నట్టు రాయడమే మీ పని. దేశవ్యాప్తంగా నాలుగేళ్లకోసారి జరిగే లెక్కలో 2022లో సగటు అంచనా 3,682 పులులని తేలిందంటే, దాని వెనకున్నది ఇలాంటి నడకే.

మొదటి పని అనుమతి. తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయినా, ఆంధ్రలో శ్రీశైలం వైపు అయినా, కంపెనీ సామాజిక బాధ్యత పనులు చూసే సీఎస్‌ఆర్ టీమ్‌తో అటవీశాఖకు బాగా ముందే రాయించండి. అందరినీ ఒకే చోటికి పంపమని పట్టుబట్టకండి.

తర్వాత కాళ్లు. సర్వే దారి ఒక్కోటి 5 కిలోమీటర్లు, అదీ రాళ్లూ గుట్టలూ, కాబట్టి నెల ముందు నుంచే రోజూ నడవండి, కొత్త బూట్లు వేసుకుని మాత్రం వెళ్లొద్దు. ఖాకీ, ఆకుపచ్చ బట్టలు, పిడుదులు పట్టకుండా పొడవు సాక్సులు. సెంటు వద్దు.

అడవిలో జాడలు పట్టే చెంచు ట్రాకర్ ముందు, మీరు వెనక. ఆయన ఆగితే మీరూ ఆగాలి. బాట దుమ్ములో నాలుగు వేళ్లు, వాటి వెనక వెడల్పాటి అరికాలి ముద్ర కనబడితే వంగి గోళ్ల గుర్తులున్నాయేమో చూడండి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి సాధారణంగా గుర్తు పడదు, రేసుకుక్కదైతే పడుతుంది. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, సర్వే యాప్‌లో ఎక్కించండి.

మొదటి రోజు నేను ఒకచోట గీరిన మట్టి చూసి చిరుత అని రాసేయబోయాను. పక్కనున్న చెంచు అన్న కూర్చుని వేలితో మట్టి తీసి, ముళ్లపంది దుంప కోసం తవ్వింది అన్నాడు. ఆ పూట ఇంకేమీ దొరకలేదు, "ఏమీ లేదు" అనే రాశాం. దయచేసి మీరూ అలాగే రాయండి, ఎందుకంటే ఖాళీగా ఉన్న దారి కూడా లెక్కలోకి వస్తుంది, అక్కడ ఊహించి ఒక్క గుర్తు రాసినా అంచనా తప్పుతుంది.

ముందు ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు కట్టే పని దొరికితే వదులుకోకండి. దారికి రెండువైపులా, దాదాపు మోకాలి ఎత్తులో ఒక్కోటి కడతారు, ఏ పులో గుర్తుపట్టేది చారలతోనే, ఎడమ పక్క చారలూ కుడి పక్క చారలూ వేరుగా ఉంటాయి కాబట్టి రెండూ కావాలి. ఎదురుగా ఉన్న గడ్డి కోసేయాలి, లేకపోతే అది గాలికి ఊగినప్పుడల్లా ఫొటోలు పడి కార్డు నిండిపోతుంది. తేదీ, టైమ్ సరిచూసి, చివర్లో ఒకరు దాని ముందు నాలుగు కాళ్ల జంతువులా పాకి ఫొటో పడుతోందో లేదో చూడాలి.

మీ ఫోన్ కెమెరాలో ఫొటోకి లొకేషన్ చేరకుండా ముందే ఆపేయండి. పాదముద్ర ఫొటో, అది ఏ బాటలోదో గ్రూపులో పెడితే వేటగాళ్లకు దారి చూపినట్టే.