బోర్డు మీద రాసుకోకుండా స్పెషలిస్టు లాయర్ కావడం ఎలా?

హన్మకొండ కోర్టులో కొత్త జూనియర్లు తరచూ అడుగుతారు: "అన్నా, ల్యాండ్ కేసుల స్పెషలిస్టు అని బోర్డు పెట్టుకోవచ్చా?" పెట్టుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ రూల్ దాన్ని ఒప్పుకోదు. 2008 సవరణ తర్వాత సొంత వెబ్‌సైట్‌లో ఏ కేసులు చూస్తారో చెప్పుకోవచ్చు, అంతే. అమెరికాలోని టెక్సాస్‌లో లాగా పరీక్ష పెట్టి స్పెషలిస్టు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు మనకు లేదు. ఆ పేరు తోటి వకీళ్ల నోటి నుంచే రావాలి.

ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ ఎగ్జామ్ అయ్యాక మంచి సీనియర్ దగ్గర చేరి రెండుమూడేళ్లు అన్ని రకాల కేసులూ చూడండి. ఆ తర్వాతే రంగం ఎంచుకోండి, మీ చుట్టూ ఉన్న జనం అవసరాన్ని బట్టి.

నన్నడిగితే మన దగ్గర అది భూమి. ములుగు, భూపాలపల్లి ఏజెన్సీ ఊళ్లలో 1/70 చట్టం నడుస్తుంది, అంటే గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి 1వ రెగ్యులేషన్. అక్కడ గిరిజనేతరుల చేతిలో భూమి ఉంటే అది గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది ఆ గిరిజనేతరులే. ఈ ఒక్క సంగతి తెలియని వకీలు దొరికితే కోయ కుటుంబం పొలం పోతుంది. అందుకే 1959 భూబదిలీ రెగ్యులేషన్‌ను, దానికి 1/70గా వచ్చిన 1970 సవరణను, ఏజెన్సీ భూముల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 సమత తీర్పును మొదటి అక్షరం నుంచి చదవాలి.

అసలు కష్టం రికార్డుల దగ్గర. సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు), ఆ తర్వాతి పహాణీలు వరసగా పెట్టి ఒక సర్వే నంబరు ఎవరి నుంచి ఎవరికి మారిందో మీరే కాగితం మీద గీసుకోండి. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ నేర్చుకోండి, అదీ చేతిరాత చదివేంతగా. దీన్ని మించిన పెట్టుబడి నాకు కనిపించలేదు. తెలంగాణలో భూమి హక్కుల రికార్డుల కోసం 2025లో వచ్చిన భూభారతి చట్టంలో అప్పీలు ఎవరి దగ్గర వేయాలో కూడా ఇప్పుడే పట్టుకోండి.

కాకతీయ యూనివర్సిటీలో ఎల్ఎల్ఎం, నల్సార్ దూరవిద్య డిప్లొమాలు పనికొస్తాయి, కానీ ఫైళ్లు చూడకుండా అవి చాలవు.

పదేళ్ల ప్రాక్టీసు దాటాక సీనియర్ అడ్వొకేట్ హోదాకు హైకోర్టులో దరఖాస్తు చేయొచ్చు. 1961 అడ్వొకేట్స్ చట్టం 16వ సెక్షన్ "ప్రత్యేక పరిజ్ఞానం" చూడమంటుంది. ఈ హోదాకు దరఖాస్తుదారులకు మార్కులు వేసే పద్ధతిని సుప్రీంకోర్టు 2025లో తీసేసింది.

ఈలోగా విడాకుల కేసో, చెక్ బౌన్సో వస్తే అది బాగా చేసే వకీలు దగ్గరికి పంపండి. భూమి కేసు వచ్చిన రోజు ఆయన మీ పేరే చెబుతారు.